మేడలపై భైరిడేగలు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



డేగను ఎరుగని పల్లె లేదు. కోడిపిల్లలను వాకిట విడిచిన ఇల్లాలికి ఒక కన్ను ఎల్లప్పుడును ఆకాశముమీదనే యుండును. నీడ కదలినంతనే కేకవేసి పిల్లలను గంపక్రింద కప్పును. అయితే నేటి ప్రసంగమునకు విషయమైన భైరిడేగ కోడిపిల్లల దొంగ కాదు. నేలమీద తిరుగాడు ప్రాణిపై దానికి ఆశ తక్కువ. ఎగురుచున్న పక్షిని ఆకాశముననే కొట్టి పట్టుట దాని వృత్తి. ఆ వృత్తికి తగినట్లే దాని దేహము, దాని చూపు, దాని నివాసము అమరియున్నవి. కొండకొమ్ములయందు కాపురముండెడి ఈ పక్షి మహానగరములలో నలుబది అంతస్తుల మేడలపై గ్రుడ్లు పెట్టుట ఎట్లు సంభవించినది, నడుమ అది ఎట్లు నశింపబోయి మరల బ్రదికినది యనునదియే వినదగిన కథ.

ముందుగా పేరును గూర్చి రెండు మాటలు. ఆంగ్లేయులు దీనిని పెరిగ్రిన్ ఫాల్కన్ అందురు. లాటిను భాషలో మొదటి పదమునకు పరదేశి, దేశసంచారి అని అర్థము. భైరి యనునది హిందూస్థానీ వేటగాండ్రు పెట్టిన పేరు. మన దేశపు కొండలలో స్థిరముగా కాపురముండు ఉపజాతిని షాహీన్ అందురు. అది పారసీక పదము. రాజయోగ్యమైన పక్షి యని భావము. ఈ షాహీనును స్వీడన్ దేశీయుడైన సుందెవాల్ అను శాస్త్రజ్ఞుడు 1837లో వర్ణించి శాస్త్రనామ మొసగెను. ఆయనకు లభించిన పక్షి సింహళమునకును సుమత్రాకును నడుమ సముద్రముమీద పట్టుబడినది. తెలుగున వేటడేగకు సాళువ మను పేరు ప్రాచీనమైనది. పదునైదవ శతాబ్దమున విజయనగరము నేలిన సాళువ నరసింహరాయల వంశమునకు పేరు ఈ డేగవలననే వచ్చినది. ఆ కాలపు దొరలు ముంజేతికి తోలుతొడుగు వేసి, దానిపై డేగను కూర్చుండబెట్టుకొని వేటకు పోవుచుండిరి.

తెలుగుదేశమునకు ఈ పక్షిశాస్త్రముతో మరియొక సంబంధము కలదు. నెల్లూరున ప్రభుత్వ వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ అను ఆంగ్లేయుడు ఆ ప్రాంతపు యానాదులు మొదలగువారినుండి పక్షుల విషయములు సేకరించుచు వచ్చెను. 1862 మొదలుకొని వెలువడిన ఆయన భారతపక్షి గ్రంథమున దేశభాషలలోని పేర్లు సైతము, తెలుగు పేర్లతో కూడ, చేర్చబడినవి. రాయలసీమ తుప్పలలోని కలివికోడికి ఆంగ్లమున వాడబడు పేరు ఈ వైద్యునిదే. అడవిలో తిరుగు యానాది నోటిమాట అచ్చుపుస్తకమున కెక్కి నూటయరువది యేండ్లకు పైబడి నిలిచియుండుట సామాన్యమైన సంగతి కాదు.

భైరిడేగ పరిమాణమున కాకికంటె కొంచెము పెద్దది. ఆడపక్షి మగపక్షికంటె పెద్దది, బలమైనది. మగది సుమారు మూడవవంతు చిన్నది యగుటచేత పాశ్చాత్య వేటగాండ్రు దానికి ఆ అర్థమిచ్చు పేరే పెట్టిరి. పెద్ద ఆడపక్షియైనను తూకమున కిలోన్నరకు మించదు. ఇంత చిన్నప్రాణి ఆకాశమున ఎత్తునకు పోయి, రెక్కలు ముడిచి, క్రిందనున్న పక్షిపైకి దూకునప్పుడు దాని వేగము గంటకు 300 కిలోమీటర్లకు మించును. ఎక్స్‌ప్రెస్ రైలుబండికంటె సుమారు మూడింతలు! భూమిమీది ప్రాణులలో ఇంతటి వేగము వేరొకదానికి లేదు. అది దెబ్బకొట్టునది కాళ్లతో. ఆ దెబ్బకు పావురము గాలిలోనే సోలును. ఈకలు కొంతసేపు మబ్బుతునకవలె నిలిచియుండును. చావక మిగిలినచో ముక్కుననున్న పంటివంటి నొక్కుతో మెడయెముకను విరుచును.

ఇంత శూరత్వము గలదయ్యును ఇల్లు కట్టుట దీనికి చేతకాదు. పిచ్చుక కట్టినంత గూడును కట్టదు. పుల్లయైనను ఏరి తేదు. కొండచరియమీద, మనుష్యుడుగాని నక్కగాని ఎక్కలేని చోట, అరుగువంటి రాతిమీది మట్టిని రొమ్ముతో కొంచెము గుంటచేసి అందులో మూడు నాలుగు గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు ఇటుకరంగున నుండును. ఇంచుమించు ముప్పదిమూడు దినములు పొదుగును. పిల్లలు ఆరు వారములకు ఎగురును. మంచి చరియ దొరకినచో తరతరములుగా దానిని విడువవు. ఒక జంట చచ్చిన మరియొక జంట ఆ స్థలమునకే వచ్చును.

ఇప్పుడు నగరమును ఆ పక్షికంటితో చూడవలెను. మనకు బ్యాంకుగా, హోటలుగా, కచేరిగా కనబడునది దానికి నిలువుగా లేచిన ఒక కొండ. అంతస్తు అంతస్తునకు చరియలు. పాములేదు, నక్కలేదు, రాత్రివేళ పిల్లలను ఎత్తుకొనిపోవు పెద్ద గుడ్లగూబలు అరుదు. తినుటకు పావురములు అసంఖ్యాకములు. చిత్రమేమనగా పావురము సైతము పుట్టుకచేత కొండరాళ్ల పక్షియే. మన కోటగోడలలో, గోపురముల గూళ్లలో అది కాపురముండుటకు కారణ మిదియే. మనుష్యుడు కొండలవంటి యిండ్లు కట్టెను. మొదట పావురము వచ్చి చేరినది. దానివెంట దాని చిరకాల శత్రువు వచ్చి చేరినది. పాత పగ క్రొత్త ఊరికి మకాము మార్చినది, అంతే.

నగరవాసము చేసిన భైరిడేగలలో చరిత్రకెక్కినది యొకటి కెనడా దేశమున మాంట్రియల్ నగరములోనిది. అచ్చట సన్‌లైఫ్ అను భీమా కంపెనీవారి మేడ యిరువదినాలుగు అంతస్తులది. 1936లో ఒక ఆడపక్షి ఆ మేడను చేరి, 1952 వరకు దానిని విడువలేదు. మొదటి సంవత్సరములలో దాని సంసారము సాగలేదు. నున్నని రాతిమీద గ్రుడ్లు నిలుచుటెట్లు? 1940లో హాల్ అను పక్షిప్రియుడు ఆ అరుగుమీద ఇసుక, గులకరాళ్లు పోసిన చెక్కపళ్లెమును ఉంచెను. పని యంతమాత్రమే. ఆ సంవత్సరమే పిల్లలు లేచినవి. 1952 లోపల ఆ తల్లి 22 పిల్లలను పెంచి ఎగురగొట్టినది. ఆ 1940లోనే, హిట్లరు దండు దాటివచ్చునేమో యను భయముచేత, బ్రిటిషు ప్రభుత్వము తన దేశపు ధనపత్రములను రహస్యముగా ఓడలలో కెనడాకు పంపి ఇదే మేడ నేలమాళిగలో దాచినది. ఒక సామ్రాజ్యపు ఆస్తి క్రింద, ఒక డేగ గ్రుడ్లు పైన. క్రిందిదానికి సాయుధులు కావలి కాసిరి. పైదానికి చెక్కపళ్లెము చాలినది.

అదే యుద్ధకాలమున ఇంగ్లండులో ఈ జాతికి వేరొక గతి పట్టినది. సముద్రముమీద కూలిన విమానముల వార్తలను పావురములు తెచ్చెడివి. ఆ వార్తాహరులను డేగలు పట్టుచున్నవని 1940లో ప్రభుత్వము వానిని చంపుటకు ఉత్తరువు చేసినది. సుమారు 600 డేగలు హతమైనవి. యుద్ధము ముగిసిన పిమ్మట ఉత్తరువు తొలగినది, డేగలును మరల హెచ్చసాగినవి. తుపాకికి బలియైన జాతి కోలుకొనగలదనుటకు ఇది నిదర్శనము. కాని తరువాత వచ్చిన విపత్తు తుపాకి వంటిది కాదు.

దానిని బయటపెట్టిన విధము విచిత్రమైనది. 1960లో ఇంగ్లండునందలి పందెపు పావురములవారు తమ పావురములను డేగలు తినివేయుచున్నవనియు, డేగలు మితిమీరినవనియు, వానికిగల చట్టరక్షణను తీసివేయవలెననియు ప్రభుత్వమునకు మొరపెట్టిరి. సరియే, లెక్క తీయుడని ప్రభుత్వము పక్షిశాస్త్ర సంస్థను కోరినది. లెక్కను నడిపినవాడు డెరెక్ రాట్‌క్లిఫ్. 1961, 1962 సంవత్సరములలో కొండ కొండకు పోయి చూడగా, మితిమీరుట మాట అటుండ, అనాదిగా డేగలుండిన చరియలు అనేకములు శూన్యములై యుండెను. ఉన్నచోట్లను పిల్లలు లేవు. ఫిర్యాది తెచ్చిన వ్యాజ్యమున ప్రతివాది చావుబ్రదుకులలో నున్నట్లు తేలినది.

అట్లాంటిక్ సముద్రమున కావలి యొడ్డున స్థితి మరింత ఘోరము. అమెరికా సంయుక్తరాష్ట్రముల తూర్పుభాగమున ఇంచుమించు 350 జంటలుండవచ్చునని హిక్కీ యను పండితుడు 1942లో అంచనా వేసియుండెను. 1964లో 133 పాత చరియలను వెదకగా ఒక్కదానియందును డేగ కానరాలేదు.

కారణమును వెదకుటలో రాట్‌క్లిఫ్‌నకు ఒక చిన్న జ్ఞాపకము తోడ్పడినది. 1951 మొదలుకొని అతడు కొండచరియలలో పగిలిన గ్రుడ్లను చూచుచుండెను. కొన్ని తావులలో తల్లిపక్షియే తన గ్రుడ్డును పొడిచి తినుటయు కలదు. పూర్వమిట్లు జరుగుచుండెనా? చూచుటకు పాత గ్రుడ్లు కావలెను. అవి యున్నవి. ఇంగ్లండున గ్రుడ్లు కూడబెట్టుట యొకప్పుడు ధనికుల వేడుక. చిన్న రంధ్రము చేసి, లోపలి పదార్థమును ఊది తీసివేసి, వట్టి పెంకును దూదిలో నిలిపి, పెట్టెమీద స్థలము, తేది వ్రాయుచుండిరి. పక్షిప్రియులకు అది అసహ్యమైన వేడుక. తరువాత చట్టవిరుద్ధమును అయినది. కాని ఆ పెట్టెలే ఇప్పుడు సాక్ష్యము పలికినవి. రాట్‌క్లిఫ్ ఏండ్లవారీగా పెంకులను తూచి, పొడవు వెడల్పులు కొలిచి పోల్చెను. సుమారు 1947 నుండి పెంకు బరువు తటాలున పడిపోయినది. సగటున ఐదవవంతు తగ్గినది. ఆయన ఈ సంగతిని 1967లో నేచర్ పత్రికయందు ప్రకటించెను. మరుసటి సంవత్సరము హిక్కీయు, ఆయన సహచరుడును అమెరికా పెంకులనుండి ఇట్టి ఫలితమునే ప్రకటించిరి. తేది వ్రాయని పెట్టె యొక్కటియు ఈ విచారణకు పనికిరాలేదని గమనింపవలెను. పుస్తకములకు వరుససంఖ్య వేయుటయు, ఇచ్చిన దినము పుచ్చుకొన్న దినము వ్రాయుటయు చాదస్తమని విసుగుకొను సభ్యులు ఏ గ్రంథాలయమునందైనను కొందరుందురు. వారికీ గ్రుడ్ల పెట్టెల సంగతి చెప్పదగినది.

1947 అనగా ఏమి? డి.డి.టి. యను మందు యుద్ధానంతరము పొలములకు, తోటలకు విరివిగా వచ్చిన కాలమది. దాని క్రిమిసంహారశక్తిని స్విట్జర్లండు దేశీయుడైన పాల్ ముల్లర్ 1939లో కనుగొనెను. 1948లో నోబెల్ బహుమాన మందెను. ఆ బహుమానము అయోగ్యమైనది కాదు. మన దేశముననే 1953లో మలేరియా నిరోధ కార్యక్రమము ఆరంభమైనప్పుడు, పంపులు భుజమున తగిలించుకొని వచ్చినవారు ఇంటింటి గోడలకు డి.డి.టి. కొట్టుటను పెద్దలు చెప్పగా వినియేయుందురు. స్వాతంత్ర్యము వచ్చునాటికి ఏటా ఏడున్నర కోట్లమందికి చలిజ్వరము తగులుచుండెననియు, ఎనిమిది లక్షలమంది చనిపోవుచుండిరనియు అంచనా. 1965 నాటికి రోగుల సంఖ్య లక్షకు దిగినది. బిడ్డను బ్రదికించుకొన్న తల్లికి ఆ తెల్లని మందు అమృతమే. ఈ కథలో దుష్టుడెవడని అడిగినచో చెప్పుట కష్టమగునది ఇచ్చటనే.

దోషము మందు నిలువయుండుటలో నున్నది. అది నీట కరగదు, కొవ్వున కరగును, త్వరగా విరుగదు. పొలమున చల్లిన మందు పురుగునకు చేరును. నూరు పురుగులు తిన్న చిన్నపిట్టలో నూరింటి విషము చేరును. అట్టి పిట్టలను దినదినము తిను డేగలో ఎంత చేరునో ఊహింపవచ్చును. అప్పుగా ఒకనిచేతినుండి మరియొకనిచేతికి పోవుకొలది వడ్డీ పెరిగినట్లు, మెట్టు మెట్టునకు విషము పెరుగును. ఆ మందు దేహములో మారి ఏర్పడు డి.డి.ఇ. యను పదార్థము పెంకునకు కావలసిన సున్నమును చేరనీయదు. తల్లికి ఏమియు తెలియదు. ఆరోగ్యముగానే యుండును, గ్రుడ్లు పెట్టును, ప్రేమతో వానిపై కూర్చుండును. ఆ బరువునకే అవి చితికిపోవును. ఇంగ్లండున దీనికి తోడు విత్తనములకు పట్టించిన డీల్డ్రిన్ అను మందు పెద్దపక్షులనే చంపినది.

రేచల్ కార్సన్ అను విదుషి 1962లో వెలువరించిన సైలెంట్ స్ప్రింగ్ అను గ్రంథము ఇట్టి మందుల విషయమై ప్రజలను మేల్కొలిపినది. పెంకుల సంగతి అప్పటికింకను తేలలేదు; ఆమె 1964లోనే మరణించినది. వాదోపవాదములు జరిగి, తుదకు 1972లో అమెరికా ప్రభుత్వము పంటలకు డి.డి.టి. వాడుటను నిషేధించినది. మన దేశమున వ్యవసాయమునకు వాడుట 1989లో నిషేధింపబడినది. దోమల నిర్మూలనకు మాత్రము అటుపిమ్మటను వాడుచు వచ్చిరి.

విషము నిలిచినంతమాత్రమున పోయిన పక్షి తిరిగి రాదు. కార్నెల్ విశ్వవిద్యాలయములో ఆచార్యుడైన టామ్ కేడ్, తానును డేగలవేట నెరిగినవాడు, 1970లో పెరిగ్రిన్ ఫండ్ అను సంస్థను నెలకొల్పెను. దేశమున అచ్చటచ్చట వేటగాండ్రు పెంచుకొనుచున్న డేగలను వారు తెచ్చియిచ్చిరి. చెరలోనున్న డేగ పిల్లలను కనదని అదివరకు లోకవాడుక. 1973లో కార్నెల్ కొట్టములలో 20 పిల్లలు లేచినవి. వానిని అడవికి అలవాటు చేయుటకు వేటగాండ్రెరిగిన ప్రాచీన పద్ధతియే పనికివచ్చినది. ఐదువారముల పిల్లలను కొండమీదనో గోపురముమీదనో పెట్టెలో నుంతురు. మనుష్యుడు కనబడకుండ గొట్టముద్వారా ఆహారము జారవిడుతురు. తగిన వయస్సు రాగానే పెట్టె తలుపు తీయుదురు. పిల్ల ఎగురును, తడబడును, ఆకలికి తిరిగి పెట్టెకడకు వచ్చును. వేట తెలిసిన దినమునుండి రాదు. ఆ రాకపోవుటయే జయము. రాజుల వినోదమునకై పుట్టిన విద్య, ఆ వినోదమునకు ఆధారమైన పక్షినే నిలబెట్టుటకు ఉపకరించినది.

పాత కొండచరియలపై విడిచిన పిల్లలను గుడ్లగూబలు కొన్నింటిని చంపివేసినవి. అందుచేత కొంతకాలము బురదనేలలలో కట్టిన ఎత్తుమంచెలనుండియు, నగరపు మేడలనుండియు విడువసాగిరి. 1977లో మేరీలండు రాష్ట్రమున నొక మంచెనుండి విడిచిన ఆడపిల్ల మరుసటి సంవత్సరము బాల్టిమోర్ నగరమునకు పోయి, మరల ఒక భీమా కంపెనీ మేడకే, ముప్పదిమూడవ అంతస్తు అరుగుమీదికి చేరినది. దానిని స్కార్లెట్ అని పిలిచిరి. భీమా కంపెనీలయందు ఈ జాతికింత నమ్మకమేలనో తెలియదు! ఆ యూరిలో దానికి మగతోడు లేదు. శాస్త్రజ్ఞులు ఒకదాని తరువాత నొకటిగా పెంపుడు మగడేగలను తెచ్చి విడిచిరి. కాపురములు నిలువలేదు, గ్రుడ్లు పెట్టినను అవి పొల్లుపోయినవి. పొల్లుగ్రుడ్లు తీసి, కార్నెల్‌నుండి తెచ్చిన పిల్లలను ఆ స్థానమున నుంచగా, స్కార్లెట్ సందేహింపక వానిని తనవిగా మేపినది. తుదకు 1984లో ఎచ్చటనుండియో, కాలికి గుర్తుకడియము లేని మగడేగ యొకటి తనంతతాను వచ్చినది. ఆ సంవత్సరము నాలుగు పిల్లలు లేచినవి. ఈసారి అవి అక్షరాల దాని కడుపున పుట్టినవే. ఆ యేటనే స్కార్లెట్ మరణించినది.

1975 నాటికి లెక్కకు వచ్చిన జంటలు 324. 1999 ఆగస్టునందు అంతరించుచున్న జాతుల పట్టికనుండి ఈ డేగ పేరును తొలగించునాటికి అమెరికా, కెనడాలలో కనీసము 1,650 జంటలుండెను. న్యూయార్కు నగరమున 1983లో రెండు వంతెనలమీద అవి కాపురము పెట్టినవి. అటుపిమ్మట చర్చిగోపురములకు, ఆకాశహర్మ్యములకు వ్యాపించినవి. ఇంగ్లండున డెర్బీ ప్రార్థనాలయ గోపురమున 2006లో ఒక బల్ల అమర్చగా ఆ యేడే పొదిగినవి. లండనున బాటర్‌సీ విద్యుత్కేంద్రపు భవనమును మరల కట్టునప్పుడు అచ్చటి డేగలకై ప్రత్యేకముగా నొక ఎత్తైన స్తంభమును నిలిపిరి. పోలండు రాజధానియైన వార్సాలో సంస్కృతిభవన శిఖరము వాని నివాసము. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరపు కాలిన్స్ వీథిమేడమీద 1991 నుండి వీని సంసారము ప్రసిద్ధమైనది. కెమెరా యమర్చుటచే ఊరివారందరును పొదుగుటను ఇంటనుండియే చూచుచున్నారు.

నగరమున వీని నడతలో నొక మార్పు కనిపించినది. డేగ పగటి పక్షి యని గ్రంథములన్నియు చెప్పును. కాని డెర్బీ గోపురము క్రింద దొరకిన ఈకలు, ఎముకలు పరీక్షింపగా, రాత్రివేళ మాత్రమే ప్రయాణము చేయు బురదపక్షులవి, నీటికోళ్లవి బయటపడినవి. నగరముపైగా చీకటిలో పోవు పక్షుల తెల్లని కడుపు వీథిదీపముల వెలుతురున మెరయును. పై చీకటిలో పొంచియున్న డేగకు అది చాలును. కెమెరాలు సైతము ఈ సంగతిని ధ్రువపరచినవి. మనుష్యుడు దీపము తనకొరకు పెట్టుకొన్నను, దానిక్రింద భోజనము చేయువారు వేరువేరుగ నుందురు.

నగరవాసమున కష్టములును కలవు. ఆరువారముల పిల్ల మొదటిసారి ఎగురునప్పుడు క్రింద కొండలోయకు బదులు బండ్లు పోవు వీథి యున్నది. అద్దపుగోడను ఆకాశమని భ్రమించి కొట్టుకొని చచ్చునవి కొన్ని. వీథిలో దిగబడిన పిల్లలను జనులు పెట్టెలోనుంచి మరల మేడపైకి చేర్చుట అచ్చట ఏటేట జరుగు పని. పావురములకు పెట్టిన విషము డేగకు తగులుటయు కలదు. ఆఫీసు కిటికీ తెరచినంతనే పావురపు తల యొకటి ఎదుట పడియుండుట అందరికిని రుచింపదు. కిటికీలు తుడుచు పనివాండ్రు పొదుగు కాలమున తలకు తొడుగు లేక పైకి పోజాలరు. ఆడడేగ తన యరుగుకడకు వచ్చినవానిని గుమాస్తా యని, మేనేజరని చూడదు. డేగలు వచ్చినచో పావురముల బెడద తీరునని ఆశించినవారి ఆశయు నెరవేరలేదు. మనుష్యులు గింజలు చల్లునంతకాలము పావురములు తగ్గవు.

మన ప్రాంతమున ఈ పక్షిని చూడగోరువారు రెండు రూపముల నెరిగియుండవలెను. కొండచరియలలో ఏడాది పొడుగున నుండు షాహీను తల నల్లన, కడుపు ఇటుకపొడి కలిపినట్లు ఎర్రన. సింహళమున సిగిరియ శిలమీద ఇది పొదుగుట ప్రసిద్ధము. రెండవది సైబీరియా ఉత్తరపు మంచునేలలలో పుట్టి, చలికాలమున ఇచ్చటికి వలసవచ్చు భైరి. పరదేశి యను పేరు దీనికే చెల్లును. దీని కడుపు తెల్లన, దానిమీద సన్నని అడ్డుచారలు. చెంపమీద నల్లని మీసమువంటి గీత. కార్తికమాసపు ప్రాంతమున బాతులు, ఉల్లంకిపిట్టలు చెరువులకు దిగిన వెనుక సముద్రతీరమునను పెద్ద చెరువుల చెంతను ఇదియు కనిపించును. ఊరిబయట ఎత్తైన విద్యుత్స్తంభముగాని, టెలిఫోను గోపురముగాని, నీటిట్యాంకుగాని దానికి కూర్చుండుటకు చాలును. చెరువులోని బాతులన్నియు కారణము లేకయే ఒక్కసారిగా లేచినచో, తల పైకెత్తి చూడవలెను. వేసవి తలచూపగనే అది ఉత్తరమునకు తరలిపోవును.